మీటరు మీది మల్లేశం

పోచవ్వకు కారు మీద కోపమేమీ లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. ఎందుకంటే వాడకట్టులో అందరూ అదే అనుకున్నారు, ముసల్ది కొత్త బండిని చూసి ఓర్వలేకపోతోందని గుసగుసలు పోయారు. పచ్చి అబద్ధం. కారు ఇంటికి వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టింది ఆమే, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది ఆమే, కొండగట్టు అంజన్న దగ్గరికి తీసుకుపోయి పూజ చేయించేదాకా బిడ్డను నిలవనీయనిదీ ఆమే. తెల్లటి కారు, చప్పుడు లేకుండా పోయే కారు, కన్నబిడ్డ తన జీతంతో కొనుక్కున్న కారు. చూసి మురవకుండా ఎట్లా ఉంటుంది? ఆమె పేచీ అంతా ఆ కారుకు ఇంట్లో చార్జింగు పెట్టే దగ్గరే వచ్చింది.

బిడ్డ పేరు వనిత. కొండగట్టు అవతల ఒక బ్యాంకులో ఆఫీసరు. రోజూ కరీంనగర్ నుంచి పోయి రావాలి. అల్లుడు సంపత్ ఖానాపూర్‌లో వ్యవసాయాధికారి, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే పోతాడు. ఒక్కో వారం వనితే అటు పోతుంది. మిగతా రోజులు ఇంట్లో తల్లీ బిడ్డలిద్దరే. ఇల్లు పోచవ్వ పెనిమిటి కట్టించింది. గోదావరిఖనిలో బొగ్గుబాయిలో పనిచేసినంత కాలం కంపెనీ క్వార్టర్‌లో ఉన్నారు, రిటైరయ్యాక ఈ ఇంటికి వచ్చారు. ఆయన పోయి మూడేళ్లయింది.

కారుతో పాటు షోరూమువాళ్లు ఒక సన్నపాటి వైరు ఇచ్చారు, ఇంట్లో ఏ ప్లగ్గులోనైనా పెట్టుకోవచ్చన్నారు. వాళ్లకేం, చెప్పి పంపించారు. వనిత ఆ సాయంత్రమే దాన్ని వరండాలో కూలర్ పెట్టే సాకెట్‌లో పెట్టింది. లోపల ఫ్రిజ్జు నడుస్తోంది, వెనక నీళ్ల మోటరు నడుస్తోంది, ఇక్కడ కారు. కాసేపటికి టప్పుమని చప్పుడైంది. ఇల్లంతా చీకటి, సాకెట్ దగ్గర కాలిన వాసన. వనిత భయపడిపోయింది. అప్పటి నుంచి బ్యాంకు నుంచి వచ్చేటప్పుడు బైపాస్ రోడ్డు మీద చార్జింగ్ పెట్టే చోట ఆగి, ముందున్న బండ్లు అయిపోయేదాకా కూర్చుని, తన బండి నింపుకుని వచ్చేది. పోచవ్వ అన్నం వండి పెట్టుకుని గేటు దగ్గర కూర్చునేది.

ఇట్లా కాదని ఒక ఆదివారం వనిత ఎదురింటి జహీర్‌ను పిలిచింది. జహీర్‌కు టవర్ సర్కిల్ దగ్గర కరెంటు సామాన్ల దుకాణం ఉంది. నలభై ఐదేళ్ల మనిషి, మాటకారి, వనితను చెల్లే అంటాడు, పోచవ్వను పెద్దమ్మా అంటాడు. వచ్చీ రాగానే కాలిన సాకెట్ చూసి తల పట్టుకున్నాడు.

“అరె చెల్లే, కూలర్ సాకెట్ల కారు పెట్టుడేంది? మేకను తెచ్చి ఎడ్లబండికి కట్టినట్టున్నది. షుకర్ జెయ్యి, సాకెట్‌తోనే పోయింది.”

“మరి ఎట్ల జెయ్యాల్నో నువ్వే చెప్పన్నా.”

“రెండు తీర్లున్నయి. ఒకటేమో, మెయిన్ బోర్డు నుంచి మంచి వైరు గుంజి కారుకోసమే పదహారు ఆంపుల సాకెట్ పెట్టుకునుడు. ఖర్సు తక్కువ, గని నిమ్మళంగ నిండుతది. నువ్వు పండుకునే ముందు పెడితె తెల్లారేవరకు సగమో, ముప్పావో. రెండోది, గోడకు చార్జింగు డబ్బ. గది జల్ది నింపుతది. నువ్వు రోజు పోయొచ్చేదానివి, ఖానాపూర్ పోవాల్నంటె నిండుగ ఉండాలె. నన్నడిగితె డబ్బనే పెట్టుమంట.”

“డబ్బనే పెడదాం,” అంది వనిత.

“పెడదాం. ఎర్తింగు గుంత గూడ కొత్తది తీద్దాం. ఉప్పు, బొగ్గు తెప్పించుండ్రి.”

“బొగ్గా?” అని వంటింట్లోంచి పోచవ్వ నవ్వింది. “బొగ్గుబాయోళ్లింటికొచ్చి బొగ్గడుగుతున్నవా జహీరూ?”

“గా బొగ్గు గాదు పెద్దమ్మా, కట్టెబొగ్గు.”

అందరూ నవ్వారు. అప్పటిదాకా అంతా బాగానే ఉంది. జహీర్ మీటరు డబ్బా తలుపు తీసి చూశాడు, పాత బిల్లు తీసి చదివాడు, గడ్డం గోక్కున్నాడు.

“ఒక్కటే పరేషానున్నది చెల్లే. మీ మీటరు మీద లోడు రెండు కిలోవాట్లే. డబ్బ ఒక్కటే ఏడు గుంజుతది. లోడు పెంచుమని కరెంటాఫీసుల దరఖాస్తు పెట్టాలె. మీటరు ఎవరి పేరు మీదున్నదో గాళ్ల సంతకం గావాలె.”

వనిత పకపకా నవ్వింది. “మీటరు మల్లేశం పేరు మీదున్నది గదన్నా. గా మల్లేశాన్ని ఎక్కడికెళ్లి పట్టుకరావాలె?”

“గదే చెప్తున్న. ఎట్లైన తప్పువడ్డ పేరే గద, గీ వంకతోని సక్కగ చేపియ్యుండ్రి. డెత్ సర్టిఫికెట్ పెట్టి, పేరు పెద్దమ్మకు మార్పిచ్చి, లోడు పెంచుకుంటె సాఫ్‌సీదా అయితది.”

పోచవ్వ నవ్వు ఆగిపోయింది. కొంగుకు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. “డబ్బ వద్దు, గిబ్బ వద్దు,” అంది. “గోడ ఖరాబైతది.”

ఎందుకన్నదో అక్కడున్న ఇద్దరికీ తెలియదు. మనకు తెలియాలంటే ఈ ఇల్లు కట్టిన రోజుల్లోకి పోవాలి.

పోచవ్వ పెనిమిటి పేరు కొమురెల్లి. బాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్. ఇంకా నౌకరీలో ఉండగానే ఇక్కడ జాగా కొని గోడలు లేపాడు. మీటరు బిగించడానికి మనిషి వచ్చిన రోజు ఆయన మొదటి షిఫ్టులో భూమి లోపల ఉన్నాడు, పోచవ్వ ఒక్కతే గోడలకు నీళ్లు కొడుతోంది. ఆ మనిషి కాగితం, పెన్ను పట్టుకుని మీ ఆయన పేరేందమ్మా అనడిగాడు. పోచవ్వ అటు చూసింది, ఇటు చూసింది. మొగుడి పేరు నోటితో పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని తల్లి చెప్పింది, అత్త చెప్పింది, ఊళ్లో ఆడవాళ్లంతా అట్లాగే బతికారు. మామూలుగానైతే పక్కనున్న పిల్లవాడినో, పొరుగామెనో నువ్వు చెప్పు అనేది. ఆ కొత్త కాలనీలో అప్పటికి పొరుగెక్కడిది? ఇసుక కుప్ప, ఇటుకల కుప్ప, ఈమె.

“గదే సారూ, మల్లన్నకు పట్నాలేస్తరు సూడు, గా ఊరు పేరే,” అంది సిగ్గుపడుతూ.

కొమురెల్లి ఊళ్లో ముగ్గుల పట్నాలేసి మొక్కే మల్లన్న ఎవరికి తెలియదు? ఆ మనిషికీ తెలుసు. తెలిసింది కాబట్టే వచ్చింది చిక్కు. “ఓ, మల్లేశమా!” అని రాసేసుకున్నాడు. ఊరి పేరు రాయవయ్యా అంటే దేవుడి పేరు రాశాడు. కాదని చెప్పాలంటే అసలు పేరు చెప్పాలి. అది చెప్పలేకనే కదా ఈ తిప్పలు! పోచవ్వ తల ఊపి ఊరుకుంది.

మొదటి బిల్లు చూసి కొమురెల్లి చేసిన అల్లరి ఇంతా అంతా కాదు. “ఎవడే గీ మల్లేశం? నేను బాయిల సస్తుంటె నువ్వు ఇంటికి ఇంకో మొగన్ని తెచ్చినవా?” అని వారం రోజులు ఏడిపించాడు. పేరు సరిచేయించుకో అని ఎందరు చెప్పినా వినలేదు. రిటైరై ఇక్కడికి వచ్చాక, బిల్లు కొట్టే అబ్బాయి ప్రతినెలా గేటు ముందు నిలబడి “మల్లేశం! కరెంటు బిల్లు!” అని కేకేస్తే, “పోవే, నీ మల్లేశం వచ్చిండు,” అనేవాడు.

వనితకు ఇంతవరకు తెలుసు. చుట్టాలందరికీ తెలుసు, పెళ్లిళ్లలో చెప్పుకుని నవ్వుకునే ముచ్చటే. తెలియనిది ఇంకొకటి ఉంది. ఒకరోజు ఆయన డాబా మీద చెట్లకు నీళ్లు పోస్తున్నాడు. కింద అన్నం చల్లారిపోతోంది. పోచవ్వ ఇగో అంది, ఏమయ్యో అంది, వనిత బాపూ అంది. ఆయన దిగడు. కోపమొచ్చి గొంతెత్తి “ఓ మల్లేశం!” అనేసింది. అని, నాలుక కరుచుకుంది. కానీ తప్పేముంది? అది ఆయన పేరు కాదు కదా, ఏ ఆయుష్షూ తగ్గదు. ఆయన పలికాడు, దిగి వచ్చాడు. అప్పటి నుంచి ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆమె ఆయనను ఆ పేరుతోనే పిలిచేది. ఒక ఆడది తన మొగుణ్ణి పేరు పెట్టి పిలవడంలో ఇంత సంతోషం ఉంటుందని ఆమెకు అంతకుముందు తెలియదు. బాయిలో మస్టరు రాసేవాడు, క్వార్టర్ల దగ్గర దోస్తులు, ఊళ్లో అన్నదమ్ములు, అందరూ కొమురెల్లీ అనేవాళ్లే. మల్లేశం మాత్రం ఆమెకొక్కదానికే.

ఆయన పోయాక ఆ పేరు ఇంకెక్కడా లేదు. ఆధార్‌లో లేదు, ఫొటో కింద లేదు, ఆ మీటరు మీద ఉంది. నెలకొకసారి ఒక మనిషి గేటు ముందు నిలబడి ఆ పేరును గట్టిగా పిలుస్తాడు, ఆమె లోపలి నుంచి ఆఁ అంటూ వస్తుంది. ఇప్పుడు కారు కోసం ఆ పేరు తీసేయాలి. ఇంతే సంగతి. కానీ అరవై రెండేళ్ల మనిషి కన్నబిడ్డ ముందు కూర్చుని, నేను మీ బాపును మల్లేశమని పిలిచేదాన్ని అని ఎట్లా చెబుతుంది? సిగ్గు కాదూ! అందుకే గోడ మీదికి తోసింది.

గోడ సాకు నిలవలేదు. “అవ్వా, బాయిల కప్పును నిలబెట్టినోడు కట్టిన గోడనే ఇది, ఒక్క డబ్బను మొయ్యదా?” అని వనిత దాన్ని అరచేత్తో చరిచి చూపించింది. పిడుగు పడుతుందంది పోచవ్వ. పిడుగు పడితే దానంతటదే ఆగిపోతుందని జహీర్ చెప్పాడు. పిల్లి వైరు కొరుకుతుందంది. మనింట్లో పిల్లి లేదు కదా అని వనిత అంది. రావొచ్చు అంది పోచవ్వ.

చివరికి బిడ్డ లేనప్పుడు వీధి దాటి జహీర్ దగ్గరికే పోయింది. “బిడ్డా, నీకు పుణ్యముంటది. డబ్బ మా ఇంట్ల పని జెయ్యదని చెప్పు.”

“ఎందుకు జెయ్యదు పెద్దమ్మా?”

“ఎందుకో ఒకటి జూసి చెప్పరాదు. కరెంటు పని జేసెటోనివి, గంత గూడ రాదా?”

జహీర్ మంచివాడే, కానీ అబద్ధమాడటం ఆయనకు చేతకాదు. సాయంత్రం వచ్చి వనిత ముందు నిలబడి, నేల చూపులు చూస్తూ, “చెల్లే, మీ ఇంట్ల కరెంటు... జర... పాతది,” అన్నాడు.

“కరెంటు పాతదేందన్నా? నిన్నటిదేమన్న పంపుతున్నరా మాకు?”

జహీర్ పోచవ్వ వైపు చూశాడు. పోచవ్వ చిక్కుడుకాయలు తుంచుతున్నట్టు నటించింది. ఆమె ఒడిలో ఉన్నవి చిక్కుడుకాయలు కావు, ఇస్త్రీకి పోవాల్సిన బట్టలు. వనిత ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ రాత్రి అన్నం తింటూ, “నీకు ఇష్టం లేకపోతే వద్దులే అవ్వా. నేను బైపాస్ మీదనే నింపుకుంట,” అంది. కోపంగా అన్నా బాగుండేది. మెల్లగా అన్నది. పోచవ్వ ముద్దను పళ్లెంలోనే కలుపుతూ కూర్చుంది.

తర్వాత వానలు పట్టాయి. ఒక సాయంత్రం వనిత రాలేదు. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్ వస్తోంది. పోచవ్వ గేటు దాకా పోయింది, లోపలికొచ్చింది, మళ్లీ పోయింది. బాయి దగ్గర బతికిన ఆడవాళ్లకు ఎదురుచూడటం కొత్త కాదు, కానీ అలవాటైన కొద్దీ తేలికయ్యే పని కాదది. ఆగలేక ఎదురింటి తలుపు కొట్టింది. జహీర్ తింటున్న పళ్లెం పక్కన పెట్టి స్కూటర్ తీశాడు. “ఫికర్ జెయ్యకు పెద్దమ్మా, లైన్ల ఉండి ఉంటది. గొడుగు గట్టిగ పట్టుకో.”

లైన్లోనే ఉంది. చార్జింగ్ పెట్టే చోట వనిత కారు ముందు ఇంకా మూడు బండ్లున్నాయి. కారు అద్దాల మీద వాన కారుతోంది. పోచవ్వ కొంగుతో అద్దం తుడిచి లోపలికి చూసింది. వనిత స్టీరింగ్ మీద చేతులు పెట్టి, చేతుల మీద తల పెట్టి నిద్రపోతోంది. చెప్పులు విడిచేసింది. పక్క సీట్లో సగం తిన్న బిస్కెట్ పొట్లం, చార్జింగ్ అయిపోయిన ఫోన్ ఉన్నాయి. నోరు కొంచెం తెరుచుకుంది, చిన్నప్పుడు క్వార్టర్‌లో నేల మీద బొంత పరిచి పడుకోబెడితే అచ్చం అట్లాగే నిద్రపోయేది.

పొద్దున ఆరున్నరకు లేచిన పిల్ల! ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని తల్లి చేతి అన్నం తినాల్సిన పిల్ల ఈ వానలో, ఎవరో తెలియని బండ్ల మధ్య నిద్రపోతోంది. ఎవరి కోసం? ఒక పేరు కోసం. ఆ పేరు గలాయనే ఇప్పుడుంటే ఏం చేసేవాడో పోచవ్వకు బాగా తెలుసు. నెత్తి మీద ఒక్కటి పెట్టి, బిడ్డకంటె ఎక్కువనా నీకు గా మీటరు అనేవాడు. కండ్లలో నీళ్లొచ్చాయి. వాన కదా, జహీర్‌కు కనబడలేదు.

“జహీరూ, రేపు కరెంటాఫీసు ఉంటదా?”

“ఉంటది పెద్దమ్మా.”

“అయితె పేరు మార్పిద్దాం.”

మర్నాడు వనిత సగం రోజు సెలవు పెట్టింది. తల్లి మనసు ఎందుకు మారిందో ఆమెకు అర్థం కాలేదు, కానీ సంతోషం ఆగలేదు. ఇంటిదగ్గరే డబ్బా ఉంటే ఎంత హాయో చెబుతూనే ఉంది. బయల్దేరే ముందు పోచవ్వ మీటరు డబ్బా తలుపు తీసి ఒక్క నిమిషం నిలబడింది. “ఏమనుకోకు,” అని గొణిగి, తలుపు మూసి వచ్చి కార్లో కూర్చుంది.

కరెంటాఫీసులో కౌంటర్ దగ్గర నర్మద అనే అమ్మాయి ఉంది. చిన్న వయసు, చురుకైన చూపు, పెద్ద గొంతు. కాగితాలన్నీ తిరగేసింది.

“బిల్లుల మల్లేశమని ఉన్నది, డెత్ సర్టిఫికెట్ల కొమురెల్లి అని ఉన్నది. ఇద్దరూ ఒక్కరేనా?”

“ఒక్కరే మేడం. మా బాపు. అప్పట్ల రాసెటోళ్లు తప్పు రాసిండ్రు,” అంది వనిత.

“మీరు చెప్తె నడవదు. ఆయన భార్య చెప్పాలె, సంతకం పెట్టాలె. పెద్దమ్మా, జర ముందుకు రా. మీ ఆయన పేరేంది?”

పోచవ్వ ముందుకు జరిగింది. కౌంటర్ చెక్క పట్టుకుంది. వెనక లైన్లో నలుగురైదుగురు ఉన్నారు. ఆయన పోయాడు కదా, ఇంకా ఆయుష్షు భయమేముంది అంటారేమో. నోరు వినాలి కదా! నలభై ఏళ్లు మూసిన తలుపు అది. అలవాటు కొద్దీ పక్కకు చూసింది, ఎవరైనా చెబుతారేమోనని. వనిత నోరు తెరవబోతే నర్మద చెయ్యి అడ్డం పెట్టింది. “గదే బిడ్డా, మల్లన్నకు...” అని మొదలుపెట్టి పోచవ్వ గభాలున ఆగింది. అదే చెబితే ఈ పిల్ల కూడా మల్లేశమనే రాస్తుంది, ఇంకెన్నేళ్లో అదే నడుస్తుంది!

వానలో కారు గుర్తొచ్చింది. కండ్లు మూసుకుంది.

“కొమురెల్లి,” అంది. చాలా మెల్లగా వచ్చింది. తనకే సరిగా వినబడలేదు, మళ్లీ గట్టిగా అంది. “మా ఆయన పేరు కొమురెల్లి.”

వనిత తల్లి వైపు తిరిగి చూస్తూ ఉండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ నోటి నుంచి ఆ పేరు వినడం ఆమెకు అదే మొదలు. నర్మద మాత్రం మామూలుగా రాసుకుంది. ఆ పిల్లకేం తెలుసు పాపం.

“సరే. లోడు ఎంతకు పెంచాలె?”

“కారుకు చార్జర్ పెట్టుకుంటున్నం మేడం. ఏడు కిలోవాట్లది,” అంది వనిత.

నర్మద పెన్ను ఆపింది. “కారు కోసమా? మరి ఇంటి మీటరుకు ఎందుకు కలుపుతున్నరు? ఇంటి కరెంటుకు స్లాబులుంటయి గద. ఎంత ఎక్కువ కాలిస్తె అంత పై రేటు. మీ ఫ్రిజ్జు, కూలరు, మోటరు ఇప్పటికే ఒక మెట్టు ఎక్కినయి. కారు గూడ దాంట్లనే వేస్తె బిల్లు డాబా ఎక్కుతది. కారుకు వేరే మీటరు తీసుకోండ్రి. దానికి స్లాబులు లేవు, ఎంత కాల్చినా ఒక్కటే రేటు.”

“గది రోడ్ల మీద చార్జింగ్ పెట్టెటోళ్లకే అనుకున్న,” అంది వనిత.

“ఇండ్లళ్ల గూడ ఇస్తం. చానమందికి తెల్వదు.”

“మరి పేరు?”

“కొత్త మీటరు, కొత్త పేరు. మీ పేరు మీదనో, పెద్దమ్మ పేరు మీదనో. పాతదాన్ని ముట్టే పనే లేదు.”

పోచవ్వ కౌంటర్ మీదికి వంగింది. “ముట్టే పనే లేదా?”

“లేదు పెద్దమ్మా.”

“మరి నాతోని పేరెందుకు చెప్పిచ్చినవే పిల్లా!”

ఆ అరుపుకు లైన్లో ఉన్నవాళ్లందరూ గొల్లున నవ్వారు. నర్మద కూడా నవ్వింది. పోచవ్వకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మల్లేశం ఎక్కడికీ పోవడం లేదు.

అంతలో వనిత, చదువుకున్న పిల్ల కదా, పని సగంలో వదలడం దానికి రాదు, “ఎట్లైన వచ్చినం గద మేడం, కాగితాలన్ని ఉన్నయి. కొత్త మీటరుకు రాస్తనే పాతదాని మీద పేరు గూడ సక్కగ చేపిద్దాం,” అంది.

“వద్దు,” అంది పోచవ్వ.

“ఎందుకొద్దే? తప్పువడ్డ పేరే గద?”

“తప్పు గాదు.”

“మరేంది?”

పోచవ్వ నేల వైపు చూసింది. ఇక దాచి లాభం లేదు. అసలు పేరే నలుగురిలో చెప్పేసింది, ఇంక దాచడానికి ఏం మిగిలింది? “మీ బాపును నేను గా పేరుతోనే పిలిచేది,” అంది. “మీరెవ్వరు ఇంట్ల లేనప్పుడు. గా మీటరు మీద తప్ప గాయనకు గా పేరు ఇంకెక్కడ లేదు. ఉండనియ్యే బిడ్డా.”

నర్మద పేరు మార్పు కాగితం తీసి, మడిచి, వనిత చేతికి తిరిగి ఇచ్చేసింది. కొత్త మీటరు దరఖాస్తు ముందుకు తోసింది. వనిత దాని మీద తన పేరు రాసి సంతకం పెట్టింది.

బయటికొచ్చి ఇద్దరూ కార్లో కూర్చున్నారు. వనిత కారు స్టార్ట్ చేసే బటన్ నొక్కలేదు. ఇన్నాళ్లూ గోడలు, పిడుగులు, పిల్లులు ఎందుకు అడ్డం వచ్చాయో ఇప్పుడు ఆమెకు ఒక్కొక్కటే అర్థమవుతోంది. బైపాస్ మీద కూర్చున్నన్ని సాయంత్రాలు తల్లిని మనసులో విసుక్కున్నందుకు సిగ్గేసింది.

“అవ్వా, నాకెందుకు చెప్పలేదే?”

“ఎట్ల చెప్పాలె? నవ్వవా?”

“నవ్వకపోదును.” అని, నిజానికి నవ్వుతూనే కండ్లు తుడుచుకుంది. “నువ్వు పిలిస్తె బాపు పలికేటోడా?”

“పలుకకేం,” అంది పోచవ్వ. “కొమురెల్లి అని ఊరంత పిలుస్తరు. గక్కడ కౌంటర్ ముంగట చెప్తుంటె ఎవల పేరో చెప్తున్నట్టు అనిపిచ్చింది నాకు. నేను పిలిచింది మల్లేశమనే. ఏ పనిల ఉన్నా ఆఁ అని లేచొచ్చేటోడు. పోయేదాక ఒక్కనాడు గూడ, గది నా పేరు గాదనలే బిడ్డా.”

వనిత తల్లి చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఇద్దరికీ ఇంటికి పోవాలన్న తొందర లేదు.